మొండి బంతి

డిసెంబరు, ఉదయం ఏడున్నర. జగదల్‌పూర్‌లో మంచు ఇంకా విడలేదు. ఇంద్రావతి వైపునుంచి వచ్చిన పొగమంచు మా పేట మైదానంలో మోకాలెత్తున నిలిచిపోయింది. ఎర్రమట్టి పైపైన తడిసి ఉంది. చెప్పులు విప్పి అడుగేస్తే అరికాలికి చల్లగా అంటుకుంటుంది. ఆ తడిమట్టి మీద ఐదుగురు పిల్లలు గొంతుక్కూర్చుని గోళీలాడుతున్నారు. ఇక్కడ ఈ ఆటను బాటీ అంటారు.

రండి, ఈ గట్టుమీద నా పక్కన కూర్చోండి. పసుపు స్వెటర్ కుర్రాణ్ణి చూస్తూ ఉండండి. పదకొండేళ్లుంటాయి. ఎడమ బొటనవేలు నేలకు ఆనించాడు. నడిమి వేలికొసన గోళీ నిలబెట్టి, కుడిచేత్తో ఆ వేలిని వెనక్కి విల్లులా వంచాడు. వదిలాడు. గోళీ జానెడు గాలిలో ఎగిరి, మట్టిలో పడి, రెండు దొర్లులు దొర్లి ఆగిపోయింది. అవతలి గోళీకి ఇంకా బెత్తెడు దూరం. తడినేల పట్టేసింది. వాడేమీ బాధపడలేదు. గోళీని నిక్కరుకు తుడిచి, ఈసారి దొర్లించకుండా గాలిలోనే తగిలేట్టు ఎత్తి కొట్టాడు. టక్‌మంది.

2022లో ఈ ఆటకు గౌరవం పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరు 6న ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలుపెట్టి, గిల్లీదండా, పిట్ఠుల్, గేడీ పరుగు, భౌంరా వంటి వాటితో పాటు బాటీని కూడా కలిపి మొత్తం 14 ఆటల్ని పోటీల్లో పెట్టింది. నలభై దాటినవాళ్లకు వేరే విభాగం. దాంతో మా వీధిలో గోళీలాడే పిల్లల్ని తిట్టే తల్లులు కాస్త తగ్గారు. తండ్రులైతే సాయంత్రాలు తామే చేతివేళ్లు విరుచుకుంటూ కనిపిస్తున్నారు.

అదిగో, ఆటో ఆగింది. మా మేనల్లుడు. నిన్న విశాఖలో కిరందుల్ బండెక్కి, అరకు సొరంగాలన్నీ దాటుకుని వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు మాల్‌లో బౌలింగ్. పది పిన్నుల ఆట. వచ్చేవారం ఏదో పోటీ ఉందట. దానికి ముందు రెండు రోజులు అమ్మమ్మను చూసిపోదామని వచ్చాడు. చక్రాల సంచీ ఒకటి ఈడ్చుకొస్తున్నాడు. అది ఎర్రమట్టిలో కూరుకుపోతోంది.

"ఏరా, బట్టలా ఇటుకలా?"

"బంతులు మామయ్యా. రెండు. ఒక్కోటి పదిహేను పౌండ్లు."

అంటే దాదాపు పదమూడున్నర కిలోలు. రైల్లో ఎవరికీ అప్పగించకుండా తలగడ పక్కనే పెట్టుకుని వచ్చాడట. రెండెందుకురా అంటే, "ఒకటి కొట్టడానికి, ఒకటి మిగిలింది ఏరడానికి" అన్నాడు. టీ అందుకుని మన పక్కనే గట్టుమీద కూలబడ్డాడు.

తొమ్మిదిన్నర అయింది. పొగమంచు తొలగింది, ఎండ నేరుగా మైదానం మీద పడుతోంది. మట్టి రంగు మారింది చూడండి. ముదురు ఎరుపు కాస్తా లేత ఇటుకరంగైంది. పైన సన్నటి దుమ్ము, కింద గట్టినేల. ఇప్పుడు పసుపు స్వెటర్‌వాడు వదిలిన గోళీ ఆగడంలేదు. నేలకు తగిలి జారి, చిన్న గులకరాయిని ఒరుసుకుని, పక్కకు తిరిగి ఎటో పోయింది. రెండు గంటల క్రితం ఇదే కుర్రాడు, ఇదే చెయ్యి, ఇదే గోళీ.

"లేన్ మారింది మామయ్యా," అన్నాడు మేనల్లుడు. అంతవరకు ఫోను చూసుకుంటున్నవాడు జేబులో పెట్టేశాడు.

ఆ మాట వాడి ఆటలోది. బౌలింగ్ లేన్ చూడ్డానికి నున్నటి చెక్కబల్ల. గీత దగ్గర్నుంచి మొదటి పిన్ను వరకు 60 అడుగులు, వెడల్పు మూడున్నర అడుగులకు అర అంగుళం తక్కువ. దాని మీద కంటికి కనపడనంత పలచగా నూనె పరుస్తారు. మామూలు మాల్ లేన్‌లో మధ్యన ఎక్కువ, అంచుల దగ్గర తక్కువ, చివరి ఇరవై అడుగుల్లో దాదాపు ఏమీ ఉండదు. బంతి నూనె మీద జారుతుంది, పొడిచోట పట్టు దొరికి వంపు తిరుగుతుంది. ఆట సాగేకొద్దీ బంతులు నూనెను తుడిచేస్తాయి, కొంత ముందుకు ఈడ్చుకుపోతాయి. పదింటికి వేసిన దారి పన్నెండింటికి ఉండదు. ఆ పొడి లేన్ మీద, పట్టు కోసమే తయారైన బంతి అవసరానికి మించి తిరిగి మొదటి పిన్నునే తప్పిపోతుంది.

ఆ పట్టంతా పైతోలులో ఉంది. ఈ ఆట చరిత్ర సగం పైతోలు చరిత్రే అంటాను నేను, మేనల్లుడు ఒప్పుకోకపోయినా. మొదట్లో లిగ్నం వీటె అనే చెట్టు కర్రతో బంతులు చెక్కేవారు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కర్ర అది. 1905లో రబ్బరు బంతి వచ్చింది. 1960ల్లో పాలియెస్టర్, అంటే మనవాళ్లు ప్లాస్టిక్ బంతి అనేది. 1980ల మొదట్లో యూరితేన్. 1990ల మొదట్లో అదే యూరితేన్‌లో మరికొన్ని రసాయనాలు కలిపి రియాక్టివ్ రెజిన్ చేశారు. దాని ఒంటినిండా కంటికి కనిపించని రంధ్రాలు. నూనెను పీల్చుకుంటుంది, పొడి తగలగానే కరిచి పట్టుకుంటుంది. యూరితేన్ రాకముందే డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఆటగాడు ప్లాస్టిక్ బంతిని ద్రావకంలో నానబెట్టి పైతోలును మెత్తబరిచాడు. 1973లో ఆ నానిన బంతులతో ఆరు టైటిళ్లు కొట్టాడు. ఆ తర్వాతే బంతి ఇంతకంటే మెత్తగా ఉండకూడదని నియమం వచ్చింది. ఇప్పటికీ డ్యూరోమీటర్ సూదితో గుచ్చి కొలుస్తారు.

"మెత్తబరచడం గొప్పే," అన్నాడు మేనల్లుడు. "కానీ ఒక్క పిన్ను మిగిలినప్పుడు నాకు మెత్తదనం వద్దు. మొండిది కావాలి."

కుడిచేతివాడికి శని పదో పిన్ను. కుడివైపు వెనక మూలన, గట్టర్ అనే పక్కకాలువకు దాదాపు మూడంగుళాల దూరంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. తొమ్మిది పడగొట్టి అదొక్కటి మిగిలితే చాలామంది ఎడమవైపుకు జరిగి, లేన్‌కు అడ్డంగా మూలకు విసురుతారు. ఇప్పుడా బంతి దారి ఊహించండి. ముందు మధ్యలోని నూనె దాటుతుంది, తర్వాత కుడి అంచున పొడిలోకి దిగుతుంది. రియాక్టివ్ బంతైతే అక్కడ పట్టు దొరికి ఎడమకు మళ్లుతుంది. పదో పిన్ను కదలదు. అది పడితే స్పేరు. స్పేరైతే ఆ ఫ్రేముకు, అంటే ఆ వంతుకు, పదితో పాటు తర్వాతి విసురులో పడేవన్నీ కలుస్తాయి. మూలపిన్ను తప్పినవాడు పోగొట్టుకునేది ఒక్క పిన్ను మాత్రం కాదు.

ప్లాస్టిక్ బంతి గట్టిది, నున్ననిది, నూనె తాగదు, పొడినీ పెద్దగా పట్టించుకోదు. లోపల బరువుముద్ద కూడా సాదాసీదాది, బంతిని అటూ ఇటూ తిప్పే ఉద్దేశం దానికి లేదు. చూసినచోటికి పోతుంది. దుకాణంలో అన్నిటికంటే చవక. కొత్తగా ఆట మొదలుపెట్టినవాడు దాన్ని తీసిపారేసి మెరిసే రియాక్టివ్ కొంటాడు, ఏడాది తిరక్కుండా మళ్లీ ప్లాస్టిక్ కోసం వస్తాడు.

మైదానంలోకి చూడండి. పసుపు స్వెటర్‌వాడు తన డబ్బా తెరిచాడు. మేనల్లుడు లేచి వెళ్లాడు, మనమూ వెళదాం. డబ్బాలో పచ్చగాజు గోళీలు, పాలరంగువి, అంచు చిట్లినది ఒకటి, అడుగున నల్లగా ఒక ఉక్కు గుండు. లారీ బేరింగులోది.

"ఇది వేస్తే దుమ్ములో కూడా నేరుగా పోతుంది కదా?" అడిగాడు మేనల్లుడు హిందీలో.

"పోతుంది భయ్యా. కానీ ఒప్పుకోరు. గాజువి పగిలిపోతాయి."

అదే పరిమాణంలో ఉక్కు గుండు గాజుకంటే మూడింతల బరువు. గులకరాయి తగిలినా దారి తప్పదు. మేనల్లుడి బంతి నునుపుతో నేల మాట వినదు, ఈ గుండు బరువుతో వినదు. ఇక్కడ తమాషా ఏమిటంటే, బైలదిలా గుట్టల ఇనుపరాయి 1960ల చివరినుంచి బండ్లకు బండ్లు మేనల్లుడు వచ్చిన ఆ రైలుదారినే విశాఖకు, అక్కణ్నుంచి జపాన్‌కు పోతూ ఉంది. ఇనుము పుట్టిన చోట ఇనుపగోళీకి ప్రవేశం లేదు.

మరి వాడేం చేస్తాడు? పచ్చగోళీలు పక్కన పెట్టి, అన్నిటికంటే కాస్త లావుగా ఉన్న పాలరంగు గోళీ తీశాడు. దుమ్ములో బాగా రుద్దాడు. అరచేతి చెమట పోవాలట, గోళీ వేలిమీద జారకూడదట. మేనల్లుడు నవ్వాడు. వాడి సంచిలోనూ ఇసుకకాగితం లాంటి బిళ్లలున్నాయి, అబ్రలాన్ అంటారు. 500 అంకె బిళ్లతో రుద్దితే బంతి గరుకై నూనెలోనూ తొందరగా పట్టు దొరుకుతుంది, 4000తో రుద్దితే నునుపై పొడిలో మరింత దూరం జారుతుంది. పొడి లేన్‌కు వేరే బంతి కొనలేనివాడు ముందు చేసే పని ఉన్నదాన్ని నునుపు చేయడం. అదీ చాలకపోతే యూరితేన్. అది ముందుగానే, మెల్లగా, చెప్పినట్టు వంగుతుంది, ఉన్నట్టుండి మెడ తిప్పదు. అదీ ఎక్కువైతే మొదటి విసురు కూడా ప్లాస్టిక్‌తోనే.

పాలగోళీ వెళ్లింది. దుమ్ము గీసుకుంటూ, నేరుగా. టక్.

ఇక బంతుల వంతు, పదండి మా ఇంటికి. వసారా పాతిక అడుగులుంటుంది, గచ్చు నున్నగా ఉంటుంది. మంచినీళ్ల సీసాలు పది, ఒక్కోదాంట్లో గుప్పెడు ఇసుక. నాలుగు వరసల్లో, ఒకటి, రెండు, మూడు, నాలుగుగా నిలబెట్టాం. పిల్లలు ఐదుగురు కాస్తా పన్నెండుమంది అయ్యారు. మేనల్లుడు సంచి జిప్పు తీశాడు. ముందు ఎర్రబంతి బయటికొచ్చింది, ప్లాస్టిక్. రెండోది, నీలం ఊదా కలిసి మెరిసేది, గుడ్డలోనే ఉంది.

"అదీ ఇవ్వు భయ్యా!"

"అది గచ్చుమీద వెయ్యను."

ఆ గొంతులో జాలి లేదు. కానీ పిల్లలు వదల్లేదు. చివరికి మా అమ్మ దేవుడి గది ముందున్న నున్నటి గ్రానైట్ పలక మీదికి రెండు బంతుల్నీ తీసుకెళ్లాడు. చేత్తో ఒక్కోదాన్నీ బొంగరంలా తిప్పి వదిలాడు. ఎర్రది ఉన్నచోటే గిర్రున తిరుగుతూ ఉంది, తిరుగుతూనే ఉంది. నీలంది రాయిని పట్టుకుని, తిరుగుడు తగ్గించుకుంటూ మా అమ్మ పీటవైపు బయల్దేరింది. అమ్మ పీట ఎత్తి పట్టుకుంది. "ఏమిట్రా ఇది, దయ్యమా?" పిల్లలకు అంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది.

మళ్లీ వసారాలోకి. పసుపు స్వెటర్‌వాడికి పదిహేను పౌండ్ల బంతి రెండు చేతుల్లోనూ ఆగదు. వాడి వయసువాళ్లకు లేన్‌లో తేలికపాటి బంతులిస్తారు. కాళ్లమధ్య పెట్టి తోశాడు. ఏడు సీసాలు పడ్డాయి. గోల. మిగిలినవి మూడు. రెండో తోపులో రెండు. మూలసీసా ఒక్కటి నిలబడింది, కుడివైపు, గోడ పక్కన.

"ఇంకొక్కసారి," అన్నాడు మేనల్లుడు. "అసలు ఆటలో రెండే, కానీ నీకు మూడు." వాడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చెయ్యి బంతి వెనక ఉండాలి, పక్కన కాదు. తిప్పకు. అది తిరగాలని దానికి లేదు, నువ్వు తిప్పితే తప్ప."

కుర్రాడు ఎడమవైపుకు జరిగాడు. ఎవరూ చెప్పలేదు. గట్టుమీద మా మాటలు విన్నాడో, గోళీలాటలో చేతికి వచ్చిందో. అరచేతుల్ని నిక్కరుకు తుడుచుకున్నాడు. తోశాడు. బంతి గచ్చుమీద గరగరమంటూ అడ్డంగా, గీత గీసినట్టు పోయి, మూలసీసాను తన్ని, గోడను తన్ని, తులసికోట వైపు మళ్లింది. నేను కాళ్లు ఎత్తేశాను, మీరూ ఎత్తండి.

"ఇప్పుడు నేను!" "కాదు, నేను!" వరసలో తొమ్మిదిమంది. మేనల్లుడు బంతిని తులసికోట దగ్గర్నుంచి ఎత్తుకొచ్చి, కొత్తగా పడిన గీతను బొటనవేలితో తడిమి, సరేలే అన్నట్టు తర్వాతివాడికి అందించాడు. పసుపు స్వెటర్‌వాడు మాత్రం వరసలో లేడు. సంచి పక్కన కూర్చుని, డబ్బాలోని ఉక్కు గుండును అరచేతిలో ఎగరేస్తూ, నీలం బంతికి దీన్ని మారకం ఇస్తావా అని బేరం పెట్టాడు.