పుట్టింటికి చేరిన స్వరాలు

పెళ్ళికి ఏ చీర కట్టుకెళ్ళాలో తేల్చుకోవడానికే మనకి అరపూట పడుతుంది. ఇక ఉద్దండులు వరసగా కూర్చుని మార్కులు వేసేచోట ఏం వాయించాలో తేల్చుకోవడం మాటలా? కచేరీలోనైతే జనం మొహాలు చూసి అప్పటికప్పుడు ఓ కీర్తన మార్చుకోవచ్చు. అంతర్జాతీయ పియానో పోటీల్లో ఆ వెసులుబాటు లేదు. ఏ రౌండులో ఏం వాయిస్తారో ముందే రాసి ఇవ్వాలి. సగం గెలుపూ ఓటమీ ఆ కాగితం మీదే తేలిపోతాయేమో అనిపిస్తుంది నాకు, 1958లో మాస్కోలో జరిగిన మొదటి చైకోవ్‌స్కీ పోటీ సంగతి తలుచుకుంటే.

అప్పటికి ఆర్నెల్ల క్రితమే రష్యావాళ్ళు స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపి అమెరికాని బిత్తరపోయేలా చేశారు. సంగీతంలోనూ తమదే పైచెయ్యి అనిపించుకోవాలని వాళ్ళ ఉబలాటం. అలాంటి చోటికి టెక్సస్‌లో పెరిగిన 23 ఏళ్ళ వాన్ క్లైబర్న్ బయల్దేరాడు. ఆరడుగులు దాటిన పొడగరి.

ఫైనల్లో చైకోవ్‌స్కీ కన్చెర్టో తప్పనిసరి. కన్చెర్టో అంటే మరేం లేదు, ఒక పియానోకీ వెనకున్న పెద్ద ఆర్కెస్ట్రాకీ మధ్య నడిచే సుదీర్ఘ సంవాదం. పోటీకోసమే కబలేవ్‌స్కీ రాసిన ఓ రొండో కూడా అందరూ వాయించాల్సిందే. ఇవి కాక ఇంకో కన్చెర్టో మాత్రం ఎవరిష్టం వాళ్ళది.

చైకోవ్‌స్కీ మొదటి కన్చెర్టో క్లైబర్న్‌కి కొత్తదేం కాదు. పన్నెండేళ్ళప్పుడే హ్యూస్టన్ ఆర్కెస్ట్రాతో వాయించాడు. ఇరవై ఏళ్ళకి న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌తోనూ అదే. పదిహేడేళ్ళు వచ్చేదాకా అతనికి గురువు కన్నతల్లే. ఆవిడ పేరు రిల్డియా బీ. లిస్ట్ మహాశయుడి శిష్యుడు ఫ్రీడ్‌హైమ్ దగ్గర నేర్చుకున్న మనిషి. ఆడపిల్ల ఊరూరా తిరిగి కచేరీలు చెయ్యడమేమిటని ఇంట్లోవాళ్ళు కాదంటే మానేసి, మూడేళ్ళ కొడుకుని పియానో ముందు కూర్చోబెట్టింది. (ఏ దేశమైతేనేం లెండి!)

మరి ఇష్టప్రకారం ఎంచుకోవలసిన ఆ రెండోది? రాఖ్మనినోవ్ మూడో కన్చెర్టో అన్నాడు. జాగ్రత్తపరులు చేసే పని కాదది. దాదాపు నలభై నిమిషాలు వేళ్ళకి ఊపిరాడనివ్వదు. ఎవరికి అంకితమిచ్చాడో ఆ హాఫ్‌మన్ అంతటివాడే దాన్ని ఏనాడూ వాయించలేదు. పైగా రష్యన్ రచన, రష్యన్ శ్రోతలు! తంజావూరు వెళ్ళి త్యాగరాజ కీర్తన పాడినట్టు.

ఆ ధైర్యం వెనక రోజీనా లెవిన్ ఉంది. న్యూయార్క్ జూలియార్డ్‌లో అతని గురువు, మాస్కో వెళ్ళమని ప్రోత్సహించింది ఆవిడే. 1898లో మాస్కో కన్సర్వేటరీ నుంచి బంగారు పతకంతో బయటికొచ్చిన ఆవిడ, పెళ్ళయ్యాక భర్తకి పోటీ కాకూడదని ఒంటరి కచేరీలు మానుకుంది. ఆ భర్త జోసెఫూ, రాఖ్మనినోవూ 1892లో అదే కన్సర్వేటరీలో ఒకే ఏడు పతకాలు అందుకున్నవాళ్ళు. పోటీ జరిగింది కూడా ఆ కన్సర్వేటరీ పెద్ద హాల్లోనే. అంటే తను చదివిన బడికే శిష్యుణ్ణి పంపిందన్నమాట. భర్త పోయిన ఎన్నో ఏళ్ళకి, 1963లో, 82 ఏళ్ళ వయసులో న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌తో షోపాన్ వాయించింది. క్లైబర్న్ గెలుపు కన్నా నాకు ఈ ముక్కే ఎక్కువిష్టం.

ఎంపికలో మరో ఎంపిక కూడా ఉంది. మొదటి భాగంలో ఆర్కెస్ట్రా అంతా ఊరుకుంటే పియానో ఒక్కటే సాగే ఘట్టం వస్తుంది, మన తని ఆవర్తనం అనుకోండి. దాన్ని రాఖ్మనినోవ్ రెండు రకాలుగా రాశాడు. తాను రికార్డు ఇచ్చినప్పుడు తేలికపాటిది వాయించాడు. క్లైబర్న్ బరువైనదే పట్టుకున్నాడు, తొందరలేకుండా, నిండుగా.

ఇంకో తమాషా ఉంది. ఈ రెండు కన్చెర్టోలూ రష్యన్లు రాసినవే అయినా, తొలిసారి వినిపించింది అమెరికాలో! మాస్కో కన్సర్వేటరీకి అధిపతిగా ఉన్న నికొలాయ్ రూబిన్‌స్టైన్ పనికిరాదు పొమ్మన్నాక చైకోవ్‌స్కీది 1875లో బోస్టన్‌లో గడప దాటింది. రాఖ్మనినోవ్ తనదాన్ని అమెరికా యాత్రకోసమే రాసి, 1909లో న్యూయార్క్‌లో వాయించాడు. విప్లవంతో 1917లో దేశం విడిచినవాడు మళ్ళీ ఇంటిముఖం చూడలేదు. ఇప్పుడు ఓ అమెరికా కుర్రాడు ఆ రెంటినీ పుట్టింటికి తీసుకొచ్చి దింపాడు. విన్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు.

న్యాయనిర్ణేతలకి గిలెల్స్ అధ్యక్షుడు, రిక్టర్ ఒక సభ్యుడు. శత్రుదేశంవాడికి మొదటి బహుమతి ఇవ్వవచ్చునా అని సందేహం పుడితే సంగతి క్రుశ్చేవ్ దాకా వెళ్ళింది. అతనే అందరికన్నా మిన్న అయితే ఇచ్చెయ్యండని ఆయన అన్నాడని చెబుతారు. ఇచ్చారు. న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు. ఆ ఏడే చైకోవ్‌స్కీ కన్చెర్టోని రికార్డుగా ఇస్తే పది లక్షలు దాటి అమ్ముడుపోయింది.

రాఖ్మనినోవ్ సమాధి న్యూయార్క్ దగ్గర కెన్సికో శ్మశానంలో ఉంది. తిరిగొచ్చాక క్లైబర్న్ అక్కడికి వెళ్ళి, రష్యా నుంచి తెచ్చిన లైలాక్ మొక్క ఒకటి నాటాడు.