సీకు కబాబులూ, కామాఠీల వీధీ

ముంబయికి వచ్చిన చుట్టాలు సముద్రం చూశాక నన్ను అడిగే రెండో ప్రశ్న, ‘మంచి కబాబులు ఎక్కడ దొరుకుతాయి?’ అని. ముప్పయ్యేళ్ళుగా బ్యాంకు ఉద్యోగిగా ఈ నగరంలోని చాలా శాఖల్లో పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. తెలిసిన మాట నిజమే. అయితే ఆ దారి సరిగ్గా చెప్పాలంటే, నేను చాలా ఏళ్ళు దాచిపెట్టిన మరో పేరు కూడా చెప్పాలి.

మాంసాన్ని చువ్వకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం మన నేలకు కొత్త విద్య కాదు. సంస్కృతంలో అలా కాల్చిన మాంసాన్ని ‘శూల్యం’ అన్నారు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేర వెలసిన ‘మానసోల్లాసం’లో ఇటువంటి వంటకాల వర్ణన ఉంది. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్. తెలంగాణ ప్రాంతం కూడా ఒకప్పుడు ఆ రాజుల ఏలుబడిలోదే. కబాబు, సీకు అన్న మాటలు పడమటి నుంచి వచ్చాయి. ఇప్పుడు పిల్లలు అంటున్న ‘బార్బెక్యూ’ అయితే కరీబియన్ దీవుల ఆదివాసుల మాట. స్పానిష్ వారి నోట పడి ఇంగ్లీషుకు చేరింది. పేరేదైనా పని మాత్రం ఒక్కటే: చువ్వ, నిప్పు, విసనకర్ర, ఓపిక.

బొంబాయిలో ఈ విద్యను పెంచినవాళ్ళు బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళే. నాగ్‌పాడా కూడలిలో ఇరానీల ‘సర్వీ’ ఉంది. ఖీమాలో కొత్తిమీర, పచ్చిమిరప కలిపి, తడిచేత్తో చువ్వకు అదిమి బొగ్గుల మీద తిప్పుతారు. కొవ్వు చుక్క నిప్పు మీద పడి లేచే పొగే దాని అసలు మసాలా. దగ్గరలోని క్లేర్ రోడ్డులో కాపురమున్న ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో 1948లో లాహోరు వెళ్ళిపోయే ముందు ఇక్కడ తినేవాడని చెప్పుకుంటారు. అక్కడి నుంచి భేండీ బజారు వైపు నడిస్తే బోహ్రీ మొహల్లా, ఆపైన రంజాను నెలలో తెల్లవార్లూ నిద్రపోని మినారా మసీదు వీధి. కొలాబాలో తాజ్ హోటలు వెనక సందులో ‘బడే మియా’. బిజ్నోరు నుంచి కుర్రవాడుగా వచ్చిన మహమ్మద్ యాసీన్ 1946లో పెట్టిన చిన్న సీకు కబాబుల అంగడి అది.

2006లో ‘బార్బెక్యూ నేషన్’ వచ్చి, కుంపటిని తినేవాడి బల్ల మధ్యకే తెచ్చింది. 2021లో ఆ కంపెనీ 500 రూపాయల ధరకు షేర్లు అమ్మి మార్కెట్టుకెక్కింది. కామర్సు చదివినవాణ్ణి కనుక నాకు నవ్వొచ్చింది. వీధి చివరి కుంపటి బ్యాలెన్స్ షీటులోకి ఎక్కింది!

ఇక దాచిన పేరు. నాగ్‌పాడా కూడలికి కూతవేటు దూరంలో ఉన్నది కామాఠీపురా. ఒకప్పుడు మహాలక్ష్మి దగ్గర గండి గుండా సముద్రపు నీరు ఈ పల్లపు భూముల్లోకి వచ్చేది. 18వ శతాబ్దం చివర, గవర్నరు హార్న్‌బీ కాలంలో కట్టిన అడ్డుకట్ట ఆ నీటిని ఆపింది. ఆ తరువాత పూడిన నేల మీద, నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. కామాఠీలంటే వాళ్ళే. మట్టి మోసి, రాళ్ళు పరిచి ఈ నగరాన్ని కట్టినవాళ్ళు. బ్రిటిషు కాలంలోనే ఆ వీధులకు మరో వ్యాపారం వచ్చి చేరింది. ఆ తరువాత లోకానికి ఆ వ్యాపారమే గుర్తుండిపోయింది, కట్టినవాళ్ళు గుర్తులేరు.

మేము ఉండింది అక్కడే. మా బాపు బట్టల మిల్లులో పనిచేసేవాడు. జీతం అందిన సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని నాగ్‌పాడా దాకా నడిచి, ఒక్క ప్లేటు సీకు కబాబులు తీసుకునేవాడు. నాకు మూడు ముక్కలు, తనకొకటి. తిరిగి వచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట: ‘ఎక్కడుంటవని ఎవరన్న అడిగితే నాగ్‌పాడా అని చెప్పు బిడ్డా.’ 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలయ్యాక మా ఇంట్లో జీతం రోజన్నదే లేకుండా పోయింది. కబాబుల మాట పోయినా ఆయన చెప్పిన మాట మాత్రం నాలో నిలిచింది. బ్యాంకు ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులో నేను రాసిన చిరునామా ‘బాంబే సెంట్రల్, బొంబాయి-8’. పిన్‌కోడు ప్రకారం అబద్ధం కాదు. బాపు పోయేదాకా, పోయాక కూడా, ఆ ఊరి పేరు నా చేత్తో నేను రాయలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, రెండు నిప్పులూ ఒకేసారి ఆరుతున్నాయి. గాలి కాలుష్యం తగ్గించేందుకు కట్టెలు, బొగ్గు వాడే బేకరీలూ హోటళ్ళూ ఆరు నెలల్లో గ్యాసుకో కరెంటుకో మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. దాన్ని తప్పుపట్టలేను. ఆ పొగను అందరికన్నా ఎక్కువ పీల్చేది చువ్వ తిప్పే పనివాడే. భేండీ బజారులో పదహారున్నర ఎకరాల మేర పాత ఇళ్ళ స్థానంలో టవర్లు లేస్తున్నాయి. కామాఠీపురా గల్లీలకు కూడా పునర్నిర్మాణ పథకం సిద్ధమైంది. బొగ్గు పోతే కబాబు గ్యాసు మీద బతుకుతుంది, కాస్త రుచి తగ్గవచ్చు. గల్లీలు పోతే అక్కడ బతికిన మన వాళ్ళ ఆనవాలు దేని మీద బతుకుతుంది?

బ్యాంకులో పదేళ్ళు ఎవరూ కదపని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. అంతమాత్రాన అది మునిగిపోదు. వారసుడు రుజువు తీసుకుని వస్తే తిరిగి చెల్లిస్తాం. అటువంటి కాగితాల మీద సంతకాలు చేస్తూనే నా సొంత ఖాతాను ఇన్నేళ్ళు కదపకుండా వదిలేశాను.

ఈ పత్రిక పాఠకుల్లో ఆ గల్లీల్లో పుట్టినవారు, పెద్దలను అక్కడ పోగొట్టుకున్నవారు ఉండే ఉంటారు. మీ తాత ఏ జిల్లా నుంచి వచ్చాడు, ఎన్నో గల్లీలో ఉన్నాడు, ఏ పని చేశాడు అన్న మూడు సంగతులు ఒక కార్డు మీద రాసి పంపండి. ముందు నాది రాస్తున్నాను: కరీంనగర్ జిల్లా, పన్నెండో గల్లీ, మిల్లు పని. కామాఠీపురా.