లోతుకు దిగని కాపడం

రాయలసీమ నుంచి బెంగళూరు హోసూరు రోడ్డులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లు రేడియేషన్ అన్న మాట వాడరు. ‘కరెంటు పెట్టించుకున్నాం’ అంటారు. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆ కరెంటే పెద్ద దిక్కు. చిక్కల్లా జబ్బు తిరగబెట్టినప్పుడే. ఒకసారి పూర్తి మోతాదు పడిన చోట మళ్లీ కరెంటు పెడదామంటే, పక్కనే మూత్రాశయం, పేగు. పోనీ మందు ఎక్కిద్దామంటే, మచ్చకట్టిన ఆ కండలో రక్తనాళాలే సన్నగిల్లి ఉంటాయి. రక్తం సరిగా పారని చోటికి మందు మాత్రం ఎలా చేరుతుంది? సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే గడ్డ చెప్పుకోదగ్గంతగా తగ్గేది నూటికి ఇరవై, ముప్ఫై మందిలోనే. కీమోకు వేడిని తోడు చేయాలన్న ఆలోచన ఈ ఇరుకులోనే పనికొచ్చింది.

ఆలోచన మాత్రం పాతది. జ్వరానికి లంఖణం పరమౌషధమని మనం అంటాం. జ్వరమే ఔషధమేమోనని 1866లో జర్మనీలోని బాన్ నగర సర్జన్ విల్‌హెల్మ్ బుష్‌కు అనుమానం వచ్చింది. ముఖం మీద గడ్డ ఉన్న రోగికి ఎర్రగా చర్మం వాచే అంటువ్యాధి సోకి, జ్వరం కాసి, గడ్డ కరగడం ఆయన చూశాడు. పాతికేళ్ల తర్వాత న్యూయార్క్‌లో విలియం కోలీ అలాంటి జ్వరాన్ని సూక్ష్మజీవులతో కావాలనే తెప్పించాడు. అందులో వేడి పాలెంత, రోగనిరోధక శక్తి పాలెంత అన్న లెక్క తేలలేదు.

నేరుగా ముఖద్వారానికే కాపడం పెట్టినవాడు స్వీడన్ స్త్రీవైద్యుడు వెస్టర్‌మార్క్. ఆపరేషన్‌కు లొంగని గడ్డల దగ్గర గొట్టపు చుట్ట అమర్చి, అందులో 42 నుంచి 44 డిగ్రీల వేడి నీళ్లు గంటల తరబడి తిప్పాడు. గడ్డ పైభాగం రాలిపోయిందనీ, పక్కనున్న మంచి కండ నిలిచిందనీ 1898లో రాశాడు. మన ఇళ్లలో నడుముకు పెట్టే వేడినీళ్ల సంచీకీ దీనికీ సూత్రంలో తేడా లేదు. లోపం కూడా ఒకటే: వేడి పైపైనే ఆగిపోతుంది, కటిలోపలికి దిగదు. ఆ తర్వాత ఎక్స్‌రేలూ రేడియమూ వచ్చాయి. వేడిని పట్టించుకునే ఓపిక వైద్యులకు లేకపోయింది. నన్నడిగితే అది తప్పు కూడా కాదు. కొలవలేని మందును ఎవరు నమ్ముతారు?

ఈలోగా ఈ జోడీలో రెండో సగమైన మందు మరోచోట దొరికింది. 1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ సూక్ష్మజీవుల మీద విద్యుత్ ప్రభావం చూస్తుంటే, అవి విడిపోవడం మానేసి దారాల్లా సాగాయి. కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం. అదే సిస్‌ప్లాటిన్ అయి 1978లో అనుమతి పొందింది. అది కణంలోని డీఎన్ఏ పోగులను అతికించేస్తుంది. కణం వాటిని విప్పుకుని మరమ్మతు చేసుకుంటే బతుకుతుంది. వేడి చేసేది ఆ మరమ్మతుకు అడ్డుపడటం. 41, 42 డిగ్రీల వేడికి మరమ్మతు పనిలో ఉండే బీఆర్‌సీఏ2 ప్రోటీన్ చెడిపోతుందని 2011లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. మందు కణంలోకి ఎక్కువగా దిగడానికీ వేడి సాయపడుతుంది.

నెదర్లాండ్స్‌లోనే వేడి లోతుకు దిగింది. నడుము చుట్టూ రేడియో తరంగాల యాంటెన్నాలు, చర్మం కాలకుండా మధ్యలో నీళ్ల సంచులు, యోనిలో, మూత్రాశయంలో, పురీషనాళంలో సన్నని థర్మామీటర్లు. ఆ యంత్రాలతో 1990 నుంచి కరెంటుకు వేడిని జతచేసి చూస్తే, ముఖద్వార క్యాన్సర్ వచ్చినవారిలో మూడేళ్లు బతికినవారు నూటికి 27 నుంచి 51కి పెరిగారు. 2000లో లాన్సెట్ దీన్ని ప్రచురించింది. తిరగబెట్టినవారి సంగతి అంతకుముందే, 1997లో, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది. కరెంటు అయిపోయిన 23 మందికి వారానికోసారి కటికి వేడీ సిస్‌ప్లాటినూ కలిపి ఇస్తే, సగం మందికి గడ్డ తగ్గింది. ఇరవై ముగ్గురే! పోల్చడానికి మరో గుంపు లేదు. ఆ సగాన్ని చూసి ఆశపడవచ్చు గానీ ప్రమాణం చేయలేం. పైగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 110 మందిపై నడిపిన, 2005లో వెలువడిన పరీక్షలో కరెంటుకు వేడి కలిపినా లాభం కనబడలేదు. గడ్డకు నిజంగా సరిపడా వేడి అందిందా అన్న వాదం అప్పుడూ వచ్చింది; వెస్టర్‌మార్క్ నాటి ప్రశ్నే అది. ఆ తర్వాత బెవాసిజుమాబ్, ఇమ్యునోథెరపీ మందులు వచ్చి, తిరగబెట్టిన జబ్బుకు వేడిని పక్కవరుసలోకి నెట్టాయి.

మళ్లీ బెంగళూరుకు వస్తే, 1980ల ఆరంభంలో కిద్వాయ్ క్యాన్సర్ నమోదు పట్టీ మొదలైనప్పుడు, ఆడవాళ్ల క్యాన్సర్లలో ముఖద్వారానిదే మొదటి స్థానం. తర్వాత రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటింది. వేడీ కీమో కలయిక ఈ ఊళ్లో పేరు తెచ్చుకున్నది మాత్రం వేరే జబ్బుకు. మణిపాల్ ఆసుపత్రిలో సర్జన్ ఎస్.పి. సోమశేఖర్ బృందం అండాశయం నుంచి పొట్ట పొరలకు పాకిన క్యాన్సర్‌ను కోసి తీసి, వేడిచేసిన మందును అదే బల్ల మీద పొట్టలో తిప్పే పద్ధతిని చేపట్టింది. దాన్ని హైపెక్ అంటారు. మందు 41, 42 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర పొట్టలో తిరుగుతుంది. లోతు సమస్యకు అక్కడ కత్తే జవాబు: గడ్డను కోసి తీశాక మిగిలిన పొరలకు వేడి నేరుగా తగులుతుంది.

ముఖద్వారం నుంచి తిరగబెట్టిన గడ్డ తరచూ కటి గోడకు అంటుకుని ఉంటుంది. అక్కడ మందు పోసి తిప్పడానికి ఖాళీయే ఉండదు. దానికి మళ్లీ ఆ యాంటెన్నాలే కావాలి, గంటసేపు థర్మామీటర్ మీద కన్నేసి కూర్చునే మనిషి కావాలి.