అయ్య చూపించిన కొండ గురుతులు

దగ్గరగా జరగండర్రా. ఆ తాటాకు మట్టలు కూడా పడెయ్యండి మంటలో. భోగి మంట అంటే పక్క పేటవాళ్ళకి కూడా వెలుగు కనిపించాలి. తెల్లారడానికి ఇంకా గంట ఉంది. శాలువా కప్పుకో అమ్మలూ, మీ హైదరాబాదు చలి వేరు, ఇది సముద్రపు చలి.

నాన్నా, రాత్రి నువ్వు చీటీ చదువుతుంటే విన్నాను. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, తొట్లకొండ, భీమిలి. విశాఖపట్నం వచ్చిన వాళ్ళు అవన్నీ చూడాల్సిందే. కానీ నేను మొదటిసారి ఈ ఊరిని నీళ్ళ మీంచి చూసేను. ఆ సంగతి చెప్తాను, విని వెళ్ళండి.

నాకు పదకొండేళ్ళప్పుడు అయ్య నన్ను తెప్ప ఎక్కించేడు. దుంగలు జతచేసి తాళ్ళతో కట్టిన తెప్ప, ఒక తెడ్డు, ఒక తెరచాప. కెరటాలు దాటి లోపలికి పోతుంటే ముందు ఒడ్డు మీద మనుషులు మాయమయ్యేరు. తరవాత పాకలు మునిగిపోయేయి. ఆ పైన కొబ్బరి చెట్లు. ఆఖరికి కొండలే మిగిలేయి. "ఇక్కణ్ణించి ఊరంటే కొండలేరా. వాటి పేర్లు రాకపోతే ఇంటికి దారి లేదు" అన్నాడు అయ్య.

చేపలు మసిలే రాతిచోటు నీళ్ళ అడుగున ఉంటుంది, పైకి ఏటీ కనిపించదు. మళ్ళీ అక్కడికే ఎలాగ వెళ్ళాలి? దగ్గర గురుతొకటి, దాని వెనకాల దూరపు గురుతొకటి పట్టుకోవాలి. రెండూ ఒక వరసలోకి వస్తే అదొక గీత. ఇంకో పక్క ఇంకో జత, ఇంకో గీత. ఆ రెండు గీతలూ కలిసిన చోట వల దించాలి. అయ్యకి అక్షరం ముక్క రాదు. ఈ సముద్రం మీద ఆయన గీసుకున్న గీతలు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

దక్షిణాన నీళ్ళలోకి మూతి చాపినట్టుండే ఆ కొండ డాల్ఫిన్ నోస్. దాని పక్కనే హార్బరు నోరు. మా తాత చిన్నప్పుడు అక్కడ రేవు లేదట. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకంతా పడవల మీద మోసేవారు. ఉప్పుటేరునీ, చిత్తడి నేలనీ తవ్వి హార్బరు కట్టేరు. తవ్విన దారి ఇసకతో పూడిపోకుండా, కెరటాల దెబ్బ తగలకుండా, రెండు పాత ఓడల్ని ఆ కొండ దగ్గరే ముంచి అడ్డు పెట్టేరు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. జనం గట్ల మీద నిలబడి చూసేరని తాత చెప్తుంటే ఆయన కళ్ళు మెరిసేవి.

హార్బరు పక్కన వరసగా మూడు కొండలుంటాయి. ఒకదాని మీద వెంకన్న బాబు గుడి, ఒకదాని మీద మేరీ మాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. చర్చి ఉన్నది రాస్ కొండ. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకుంటే ఆ పేరు నిలిచింది. పాత రోజుల్లో రేవు దాటే ఓడలవాళ్ళు దర్గాకి జెండా దించి, ఎత్తి, దణ్ణం పెట్టుకునేవారట. అయ్య అయితే మూడు కొండలకీ ఒకటే దణ్ణం పెట్టేవాడు. మూడూ ఆయన్ని ఇంటికి చేర్చినవే.

మీరు ఆర్కే బీచ్ అంటున్నదాన్ని మేం ఒట్టి ఒడ్డు అనేవాళ్ళం. 1938లో రామకృష్ణా మిషన్ ఆశ్రమం అక్కడ వెలిసింది, ఆ పేరే ఒడ్డుకీ అతుక్కుంది. ఆ ఇసక మీద నడిచేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి. మన తీరంలో ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు గోడలు దాన్ని ఆపేస్తాయి. అందుకే అక్కడ పేరుకున్న ఇసక తవ్వి, నీళ్ళతో కలిపి గొట్టాల్లోంచి ఈ ఒడ్డుకి పోస్తుంటారు. అలా పొయ్యకపోతే ఒడ్డు కోసుకుపోతుంది.

ఈ ఊరు భయపడ్డ రోజులూ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళ విమానాలు బాంబులేసేయి. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకి పోయేరని చెప్పేది. ఇంక 1971 డిసెంబరు 3 రాత్రి నేను ఇక్కడే ఉన్నాను. ఊరంతా దీపాలార్పేసేరు. అర్ధరాత్రి దాటేక సముద్రంలో ఢామ్మని పేలింది, తలుపులు అదిరేయి. పాకిస్తాను సబ్‌మెరైన్ ఘాజీ మునిగిందని తరవాత తెలిసింది. నీళ్ళ మీద తేలుతున్న దాని సామాన్లు మన జాలర్లకే దొరికేయి. అందులో ఉన్నవాళ్ళూ ఒక తల్లి బిడ్డలే కదా అని మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

నీ చీటీలో ఉన్న సబ్‌మెరైన్ పేరు కురుసుర. అది ఎక్కినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. అది 1969లో మన నేవీలో చేరింది, 31 ఏళ్ళు పనిచేసింది. 91 మీటర్ల పొడుగున్న దాన్ని ఒడ్డు మీదకి లాగి నిలబెట్టడానికి 18 నెలలు పట్టింది. 2002 ఆగస్టులో జనానికి తెరిచేరు. గుండ్రటి కంతల్లోంచి వంగి దూరుతూ నడవాలి. 75 మంది దాకా అందులోనే తిని, అందులోనే పడుకునేవారు. నేవీలో పనిచేసి దిగిన పెద్దవాళ్ళు అక్కడ అన్నీ విప్పి చెప్తారు. ఫొటోల కోసం తొందరపడకండి, వాళ్ళు చెప్పేది వినండి.

సింహాచలం అప్పన్న మనకి దేవుడూ, చుట్టమూను. ఉగాదినాడు స్వామికి పెళ్ళిరాట వేసేటప్పుడు మన జాలరిపేట పెద్దలు అక్కడుండాలి, అది ఆనవాయితీ. ఏడాదంతా గంధం కప్పుకునే స్వామి వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపంతో కనిపిస్తాడు. ఆషాఢ పున్నమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. నేనూ నడిచేను, మీ నాయనమ్మా నడిచింది.

ఇంక ఉత్తరానికి పోతే తొట్లకొండ. ఇది బాగా వినండి. అయ్యకి అదొక గురుతు, అంతే. ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉన్నాయి కాబట్టి అన్నాడు. ఎవరు తొలిచేరంటే తెలీదన్నాడు. 1988 నుంచి తవ్వితే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధుల స్తూపం, భిక్షువుల గదులు బయటపడ్డాయి. రోమనుల నాణాలు కూడా దొరికేయి. అంటే ఏటి? ఓడలు ఏ దేశాల నుంచి వచ్చేవో చూడండి. కట్టిన వాళ్ళు పోయేరు, గోడలు మట్టిలో కలిసిపోయేయి. పల్లెవాళ్ళ నోట్లో ఆ పేరు మాత్రం చెడకుండా నిలబడి, ఇక్కడేదో ఉందని చెప్తూనే ఉంది. బావికొండ, పావురాలకొండ కూడా అంతే.

ఆ దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. గాలికి చేరిన ఇసకే అది, ఇనప తుప్పు పట్టి ఎర్రబడింది. పొద్దు పొడిచేటప్పుడు నీళ్ళ మీంచి చూస్తే నిప్పుల గట్టులా ఉంటుంది. దాన్ని దాటితే భీమిలి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ పాత సమాధులు.

2014 అక్టోబరు 12న హుదూద్ తుపాను వచ్చి ఈ కొండల మీద పచ్చదనమంతా ఊడ్చేసింది. తెల్లారి చూస్తే ఏ కొండ ఏదో పోల్చుకోలేకపోయేం. అయ్య అప్పటికి లేడు. ఉండుంటే ఏడ్చేవాడు. మళ్ళీ చిగుళ్ళొచ్చేయి, చూస్తున్నారుగా.

ఆఖరి రోజుల్లో అయ్యకి చూపు పోయింది. రోజూ నన్ను ఇక్కడ కూచోబెట్టుకుని, "మబ్బు ఏ కొండ మీదుందిరా?" అని అడిగేవాడు. నేను పేరు చెప్తే ఆయనకి కొండ కనిపించేది.

అదిగో, తూరుపు తెల్లబడింది. నీ చీటీ జేబులో పెట్టుకో నాన్నా. కుడివేపు, సముద్రంలోకి మూతి చాపి, పైన దీపం తిరుగుతోంది చూడు. దాని పేరేటి, చెప్పు.