చాళ్ళు లెక్కపెట్టిన పిల్లవాడు

మా వాడికి మూడేళ్ళు నిండినా మాటలు రాకపోయేసరికి ఊరి నుంచి ఫోన్లో రెండు రకాల మాటలు వినబడేవి. "మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయిలే" అని ఒకరు. "నువ్వు ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటే ఈపాటికి గలగలా మాట్లాడేవాడు" అని ఇంకొకరు. ఆ రెండో మాటకి చాలా రాత్రులు ఏడ్చాను. మేముంటున్న ఈ అమెరికా కూడా తల్లులను ఒకప్పుడు అదే మాట అన్నదని, అదీ పెద్ద పెద్ద డాక్టర్ల నోటితో అనిపించిందని, వాడిది ఆటిజమని తేలాక తెలిసింది.

మేముండేది మేరీల్యాండ్‌లో. ఇక్కడి బాల్టిమోర్‌లోనే, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టరు లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో ఆటిజం చరిత్రకి అది తొలి పుట. మనుషుల మధ్య ఉన్నా తమలో తామే ఉండే పిల్లలని, ఒంటరిగా వదిలేస్తేనే వీళ్ళకి హాయి అని రాశాడు. వాళ్ళలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. వాడికి నాలుగేళ్ళయినా నిండకముందే దూరంగా ఒక సంస్థలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి కన్నవాళ్ళు, అక్కడివాళ్ళు వద్దంటున్నా వినకుండా, ఇంటికి తెచ్చుకున్నారు. తండ్రి లాయరు. కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి కానర్‌కి పంపాడు. అంత ఉత్తరం పంపగలిగినవాళ్ళ పిల్లలే కదా ఆ రోజుల్లో ఆ గుమ్మం దాకా వెళ్ళగలిగింది! దాంతో ఇది చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో వచ్చేదని చాలాకాలం నమ్మారు.

నింద కూడా అక్కడి నుంచే మొదలైంది. చదువుకున్న తల్లి బిడ్డని దగ్గరకు తీయదట, అందుకే బిడ్డ ముడుచుకుపోతాడట. ఫ్రిజ్ లాంటి తల్లులన్నారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ప్రొఫెసరు 1967లో ఈ వాదనతో ఏకంగా పుస్తకమే వేశాడు. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న కొడుకుని పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు ఇది మెదడుకు సంబంధించినదే తప్ప పెంపకం వల్ల వచ్చేది కాదని రాసినా, నింద అంత తొందరగా పోలేదు. తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని మొదట్లో రాసిన కానరే 1969లో వాళ్ళ సభలో నిలబడి, మీ తప్పేమీ లేదన్నాడు. ఆ సభలో కూర్చున్న తల్లులు అప్పటికి ఎన్నేళ్ళుగా ఆ మాట మోస్తున్నారో!

వైకల్యం ఉన్న పిల్లలకి చదువు హక్కునిచ్చిన 1975 చట్టం వచ్చేదాకా ఇలాంటి పిల్లల్ని బడి చేర్చుకోకపోయినా అడిగే దిక్కు తక్కువ. 1990లో ఆటిజం పేరు కూడా అందులో చేరింది. మా వాడికి వారానికి ఎన్ని నిమిషాల స్పీచ్ థెరపీ ఇవ్వాలో ఇవాళ బడిలో నన్ను కూడా కూర్చోబెట్టి రాస్తున్నారంటే దాని చలవే. "అమెరికాలోనే ఎందుకింతమంది?" అని అడుగుతారు మనవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లల్లో 2000లో 150 మందికి ఒకరు, 2022లో 31 మందికి ఒకరు అని ఇక్కడి లెక్క. నిర్వచనం విశాలమైంది, చిన్నప్పుడే పరీక్షించడం పెరిగింది, మునుపు బుద్ధిమాంద్యమని రాసినచోట ఆటిజమని రాస్తున్నారు. మన ఊళ్ళలో "వాడదో రకంలే" అని వదిలేసిన పిల్లలు ఏ లెక్కలోకి వచ్చారు?

డొనాల్డ్ దగ్గరికి మళ్ళీ వస్తాను. తొమ్మిదేళ్ళప్పుడు వాణ్ణి ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. వాడికి కొలతల పిచ్చి. బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో వాణ్ణే చెప్పమన్నారు. మొక్కజొన్న చాళ్ళు అదేపనిగా లెక్కపెడుతుంటే చేతికి నాగలిచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. చచ్చిన పిట్టల్ని, పురుగుల్ని పోగుచేస్తుంటే చిన్న జాగా ఇచ్చి శ్మశానం కట్టుకోమన్నారు. ఒక్కో పురుగుకీ పేరు పెట్టి, పక్కన ఆ రైతు ఇంటిపేరే చేర్చి పలక నిలబెట్టేవాడు. కానర్ చూడటానికి వెళ్తే, గుర్రాన్ని మలుపు తిప్పుకుంటూ ఆరు పొడవాటి చాళ్ళు దున్ని చూపించాడట. ఆ దంపతుల తెలివికి ఆ డాక్టరే ఆశ్చర్యపోయాడు. నాకు ఈ చరిత్రంతటిలో చేతులెత్తి దండం పెట్టాలనిపించేది వాళ్ళిద్దరికే.

డొనాల్డ్ డిగ్రీ చదివాడు, సొంత ఊళ్ళో బ్యాంకులో దశాబ్దాలు పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 89 ఏళ్ళు బతికి 2023లో పోయాడు. ఊళ్ళో అతని గురించి ఒక కథ చెప్పుకునేవారు. చదువుకునే రోజుల్లో తోటివాళ్ళు బడి గోడకి ఎన్ని ఇటుకలున్నాయో చెప్పమంటే, చూసీ చూడగానే అంకె చెప్పేశాడని. ముసలితనంలో విలేకరులు అదే అడిగితే, అసలు లెక్కే పెట్టలేదని, నోటికొచ్చిన అంకె చెప్పానని ఒప్పుకున్నాడు. ఎందుకలా చేశావంటే, ఆ అబ్బాయిలు తన గురించి మంచిగా అనుకోవాలని అన్నాడు.