కండక్టరు ఎక్కిన మెట్లు

మా ఊరి పాతపుస్తకాల అంగడిలో క్రిందటి నెల ‘యూసెస్ ఆఫ్ ఎపిడెమియాలజీ’ ప్రతి ఒకటి దొరికింది. 1957లో తొలిసారి అచ్చయిన పుస్తకమది. వైద్యవిద్యార్థిగా ఉన్న రోజుల్లో పరీక్షకు పనికివచ్చే మేరకు దానిని తిరగేసిన గుర్తు. జనసమూహాల్లో రోగాల తీరును పరిశీలించే ఈ శాస్త్రానికి గ్రంథకర్త ఏడు ప్రయోజనాలు చెబుతాడు. వాటిలో మొట్టమొదటిది రోగాల చరిత్రను తెలుసుకోవడం. ఇన్నేళ్లు వైద్యం చేశాక ఇప్పుడు ఆ పుట దగ్గర ఆగిపోయాను. “నడవండి, బరువు తగ్గించండి, వేపుళ్లు మానండి” అని రోజుకు పదిమందికి చెబుతుంటాను. ఆ సలహాకు కూడా ఒక చరిత్ర ఉంది. దానిలో సగమే నేను గుర్తుంచుకున్నానని, ఒక రోగి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినప్పుడు తెలిసింది. ఆ ప్రశ్న సంగతి తరువాత చెబుతాను.

మితమైన తిండి, తగిన కదలిక ఆరోగ్యానికి మూలమన్న మాట కొత్తదేమీ కాదు. వ్యాయామం బలార్ధం మించరాదని, అంటే మనిషి తన శక్తిలో సగం వరకే శ్రమించాలని సుశ్రుత సంహిత చెప్పింది. కదలకుండా కూర్చుని తీపి, కొవ్వు పదార్థాలు ఎక్కువగా తినేవారికి ప్రమేహం వస్తుందని కూడా ఆనాటి వైద్యులు గమనించారు. గ్రీకు వైద్యులదీ దాదాపు ఇదే దారి. అయితే ఇవన్నీ అనుభవం నేర్పిన మాటలు. కదిలేవారికీ కదలనివారికీ మధ్య తేడా ఎంత అని వేలమందిని లెక్కపెట్టి చూసే పని ఇరవయ్యో శతాబ్ది నడుమ వరకు సరిగా జరగలేదు. 1940లలో గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కారు. శ్రమ గుండెకు చేటు అన్నదే అప్పటి సాధారణ అభిప్రాయం.

ఆ లెక్క మొదలుపెట్టినవాడే ఈ గ్రంథకర్త, జెర్రీ మారిస్. 1910లో లివర్‌పూల్‌లో, పోలండ్ నుంచి వలసవచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టి, గ్లాస్గోలో పెరిగాడు. పసితనంలో రికెట్స్ వచ్చింది. చాలని తిండి, అందని ఎండ ఎముకలను ఏం చేస్తాయో తన ఒంటిమీదనే చూసుకున్నాడన్నమాట. తండ్రి అతణ్ణి దూరాలు నడిపించేవాడు. నాలుగు మైళ్లు గంటలో నడిస్తే ఐస్‌క్రీమ్ కొనిపెట్టేవాడు. డాక్టరయ్యాక, యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా ఇండియాలో, బర్మాలో పనిచేశాడు. తిరిగివచ్చి, 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నెలకొల్పిన సామాజిక వైద్య పరిశోధన విభాగానికి సారథి అయ్యాడు.

అప్పటికి క్షయ, డిఫ్తీరియా వంటివి వెనుకపట్టు పట్టసాగాయి. వాటి స్థానంలో, నడివయసు మగవాళ్లు ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కూలిపోతున్నారు. మారిస్ ముందుగా చరిత్రనే ఆశ్రయించాడు. లండన్ హాస్పిటల్‌లో 1907 నుంచి భద్రపరచిన శవపరీక్షల నివేదికలను ఏళ్ల వారీగా చదివి, 1951లో ఫలితం ప్రకటించాడు. గుండె ధమనులు మూసుకుపోయి చనిపోయినవారి సంఖ్య ఆ నలభై ఏళ్లలో ఎన్నో రెట్లు పెరిగింది. ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడం మాత్రం అంతగా పెరగలేదు. ధమనుల స్థితిలో రానంత మార్పు మరణాల్లో వచ్చిందంటే, మనుషుల బతుకుతీరులోనే ఏదో మారి ఉండాలి. అదేమిటి?

చేసే పనిలోనే ఉందేమోనని అతని అనుమానం. దానిని తేల్చడానికి లండన్ రెండంతస్తుల బస్సు అక్కరకు వచ్చింది. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే సంస్థ, దాదాపు ఒకే తరగతికి చెందిన ఇద్దరు మనుషులు. డ్రైవరు తన పనివేళలో పదింట తొమ్మిది వంతులు కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కోస్తూ రోజుకు అయిదారు వందల మెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఎక్కుతాడు. లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 31,000 మంది ఉద్యోగుల ఆరోగ్య వివరాలను మారిస్ బృందం సేకరించింది. గుండె ధమనుల జబ్బు డ్రైవర్లలో ఏడాదికి వెయ్యికి 2.7 మందికి, కండక్టర్లలో 1.9 మందికి కనిపించింది. కండక్టర్లకు ఆ జబ్బు వచ్చినా మరింత ముదిరిన వయసులో వచ్చేది. వచ్చిన కొత్తలోనే చనిపోవడం వారిలో తక్కువ.

ఈ అంకెలు చేతికందగానే మారిస్ పత్రికకు పరుగెత్తలేదు. అది కాకతాళీయం కాదని తనకు తాను నమ్మకం కుదిరేదాకా ఆగాడు. తపాలాశాఖలో వెతికాడు. నడిచీ సైకిలు తొక్కీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌లకు, అదే శాఖలో బల్లల ముందు కూర్చునే గుమాస్తాలకంటే, టెలిఫోన్ ఆపరేటర్లకంటే జబ్బు తక్కువని తేలింది. ఆ తరువాతే, 1953లో, లాన్సెట్ పత్రికలో రెండు భాగాలుగా ఆ వ్యాసం వెలువడింది.

ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. లావుగా ఉన్నవాళ్లే డ్రైవరు పని ఎంచుకున్నారేమో? ఆ ప్రశ్న మారిసే వేసుకున్నాడు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారం కొలతలు తెప్పించాడు. నిజమే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత పెద్దది. ఉద్యోగంలో చేరే నాటికే ఆ తేడా కొంత ఉంది. 1956లో ప్రచురించిన ఆ వ్యాసానికి అతను పెట్టుకున్న ముద్దుపేరు ‘యూనిఫారాల ఎపిడెమియాలజీ’. అయితే సన్నవాళ్లను సన్నవాళ్లతో, బొజ్జవాళ్లను బొజ్జవాళ్లతో పోల్చి చూసినా కండక్టర్లదే పైచేయి. తరువాతి పరీక్షల్లో డ్రైవర్లకు రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తన వాదాన్ని బలహీనపరచగల విషయాన్ని తానే వెతికి, తానే అచ్చువేయించిన ఈ నిజాయితీ నాకు ఆ అంకెలకంటే విలువైనదిగా తోస్తుంది.

ఆ చిక్కు విడదీయడానికి, అందరూ కూర్చుని పనిచేసే ఉద్యోగులనే ఎంచుకున్నాడు. సుమారు 17,000 మంది ప్రభుత్వోద్యోగులను, గడచిన శుక్ర, శని వారాల్లో ఏమేమి చేశారో సోమవారం నాడు రాసిమ్మన్నాడు. ఈత, వేగంగా నడక, తోటలో తవ్వకం వంటి గట్టిపనులు చేసినవారికి జబ్బు వచ్చే అవకాశం, చేయనివారితో పోలిస్తే మూడోవంతేనని 1973లో ప్రకటించాడు. ఉద్యోగం శరీరానికి పని చెప్పకపోయినా తీరిక సమయంలో ఆ లోటు కొంత పూడ్చుకోవచ్చునని దీనివల్ల తెలిసింది.

తిండిని అతను వదిలిపెట్టలేదు. బ్యాంకు ఉద్యోగులు, బస్సు సిబ్బంది వంటివారు 337 మంది వారంపాటు తిన్న ప్రతి ముద్దనూ తూకం వేయించి, వారిని 1976 దాకా గమనించాడు. 45 మందికి గుండెజబ్బు వచ్చింది. ధాన్యాల పీచు ఎక్కువగా తిన్నవారికి జబ్బు తక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రమేమిటంటే, ఎక్కువ కేలరీలు తిన్నవారికీ తక్కువే. బాగా తిరిగేవాడికి బాగా ఆకలి వేస్తుంది, వాడు తిన్నది ఖర్చయిపోతుంది. తిండినీ కదలికనూ విడివిడిగా బోధించే మాబోటి వైద్యులకు 1977 నాటి ఆ చిన్న వ్యాసం ఇప్పటికీ పాఠమే.

ఇంతవరకు నాకు గుర్తున్న సగం. ఇక నన్ను అడిగిన ప్రశ్నకు వస్తాను.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు ఒక తెలుగాయన వచ్చేవాడు. క్యాబ్ నడుపుతాడు. నలభై దాటింది, చక్కెర జబ్బు అప్పుడే బయటపడింది. నా మామూలు సలహా చెప్పాను. ఆయన విసుక్కోలేదు. “పొద్దున అయిదింటికి స్టీరింగ్ పట్టుకుంటే రాత్రి ఏడింటికి వదులుతానండీ. బండి ఆపితే ఆ పూట కిరాయి పోయినట్టే. ఎప్పుడు నడవమంటారు డాక్టరు గారూ?” అని మర్యాదగానే అడిగాడు. నాకు జవాబు తోచలేదు. కాగితం మీద “నడక: 30 నిమిషాలు” అని రాసిచ్చాను. ఏడాది తిరగకుండానే ఆయనకు గుండెపోటు వచ్చింది. బతికాడు.

లండన్‌లోని దక్షిణాసియావాసులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. 1991లో పాల్ మెక్‌కీగ్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, మనవాళ్లలో 19 శాతానికి మధుమేహం ఉండగా, అదే నగరంలోని ఐరోపా సంతతివారిలో 4 శాతానికే ఉంది. మన కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. అటువంటి శరీరంతో ఆయన, 1949 నాటి లండన్ డ్రైవరు కూర్చున్న సీట్లోనే కూర్చున్నాడు.

మారిస్ కథలో నేను మరచిన రెండో సగం ఇదే. ఆ కండక్టరు వ్యాయామం చేయలేదు. ఆరోగ్యం కోసం ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. అతనికి పట్టుదల ఎక్కువ, డ్రైవరుకు తక్కువ అన్న మాట ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. పనే అతణ్ణి నడిపించింది, ఆ పనికి జీతం ఇచ్చారు. మనం మాత్రం ఆ పరిశోధన నుంచి నీతిబోధ ఒక్కటే తీసుకున్నాం. 2005 డిసెంబరులో పాత రూట్‌మాస్టర్ బస్సులు రోజువారీ దారుల నుంచి తప్పుకోవడంతో లండన్‌లో కండక్టర్లూ దాదాపు కనుమరుగయ్యారు. నా చిన్నప్పుడు హైదరాబాదులో డబుల్ డెక్కర్ పై అంతస్తుకు టికెట్లు కోస్తూ ఎక్కివచ్చిన కండక్టరు కూడా ఆ బస్సులతోపాటే వెళ్లిపోయాడు. మెట్లెక్కే కొలువులు పోయి, కూర్చునే కొలువులు మిగిలాయి.

మారిస్‌కు ఈ సంగతి తెలుసు. తొంభయ్యో ఏట, 2000లో, సహచరులతో కలిసి మరో లెక్క కట్టాడు. ఒంటరిగా బతికే యువకుడు ఆరోగ్యంగా ఉండాలంటే మంచి తిండికి, ఇంటికి, వ్యాయామానికి, నలుగురితో కలవడానికి వారానికి ఎంత కావాలి? సుమారు 132 పౌండ్లు. వారానికి 38 గంటలు కనీస వేతనానికి పనిచేస్తే పన్నులు పోను అప్పట్లో చేతికి వచ్చేది 121. ఈతకొలను టికెట్టునూ పళ్లనూ కూడా ఆ ఖర్చులో చేర్చడం చూస్తే, గ్లాస్గోలో రికెట్స్‌తో పెరిగిన పిల్లవాడు గుర్తుకు వస్తాడు. తాను మాత్రం తొంభై దాటాక కూడా ఈత మానలేదు. 2009లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

క్యాబ్ నడిపే ఆయన ఇప్పటికీ వస్తుంటాడు. ఈసారి సలహాకు ముందు పనివేళలు అడిగాను. విమానాశ్రయంలో బండ్లు వరుసలో ఆగే వేళ ఒక గంట దాకా ఉంటుందట. అందులో సగం సేపు దిగి తిరుగుతానన్నాడు. మధ్యాహ్నానికి ఇంటినుంచి జొన్నరొట్టె, పప్పు తెచ్చుకుంటున్నాడు. మిగిలిన పదమూడు గంటల సంగతి మా ఇద్దరి చేతుల్లోనూ లేదు. దానిని ఆయన తప్పుగా లెక్కించడం మాత్రం మానేశాను.