వృత్తి శిక్షణ, కూలి, ఉద్యోగ మార్పు (గుంటూరు – ప్రకాశం)

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ప్రాంతంలో పత్తి, మిర్చి మీద బతికే శ్రామికుల సంపాదన నేర్చిన పనిమీదే కాక, ఆ పనికి ఉన్న గుర్తింపుమీద కూడా ఆధారపడుతుంది. అర్థశాస్త్రవేత్త గ్యారీ బెకర్ 1964లో వెలువడిన ‘హ్యూమన్ క్యాపిటల్’లో శిక్షణను రెండుగా విడదీశాడు: ఎక్కడైనా అక్కరకొచ్చేది, ఒక్క సంస్థలోనే పనికొచ్చేది. మొదటిది ఉన్నవారు చోటు మారగలరు, కూలి బేరమాడగలరు.

మిర్చి కళ్లంలో తాలుకాయలు ఏరే, తొడిమలు తీసే పని ఎక్కువగా మహిళలది. కాయ రంగు, తేమ, మచ్చ చూడగానే పట్టేస్తారు. సరుకు ధర ఆ ఏరివేతమీదే నిలబడుతుంది. ఎక్కడైనా అక్కరకొచ్చే అంతటి నేర్పుకూ ధ్రువపత్రం లేదు. ఎక్కడికి వెళ్లినా రోజుకూలీ లెక్కే. ఇది అన్యాయం.

ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ల సంగతి వేరు. 1950లో మొదలైన కేంద్ర శిక్షణ పథకం కింద వచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. పత్తి సీజన్ అయిపోయి జిన్నింగ్ మిల్లు ఆగినా శీతల గిడ్డంగికో, చీమకుర్తి గ్రానైట్ పనికో వెళ్లే దారి ఉంటుంది.

వ్యవసాయ డిప్లొమా చదివినవారి పరిస్థితి మరో రకం. గుంటూరు దగ్గరి లాం కేంద్రంగా ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ రెండేళ్ల డిప్లొమా ఇస్తుంది. 2019లో గ్రామ సచివాలయాల వ్యవసాయ సహాయకుల పోస్టులకు డిప్లొమా వారినీ తీసుకున్నారు. అప్పట్లో ప్రొబేషన్‌లో నెలకు రూ.15,000 ఇచ్చారు. జీతం స్థిరమే గానీ ఇంత ప్రత్యేకమైన చదువుకు ప్రభుత్వం, విత్తన, ఎరువుల కంపెనీలు తప్ప వేరే గిరాకీ తక్కువ.